మూడు వారాలు ఆగలేని పెళ్ళికొడుకు

అంబులెన్స్ నడిపే అతన్ని చర్చిలో అందరూ సైరన్ అనే పిలుస్తారు. మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది, పాట అందుకుంటే మైకు అక్కర్లేదు. అలాంటి మనిషి ఒక్క సంగతిని తొమ్మిదేళ్ళు గొంతులోనే దాచుకున్నాడంటే నమ్మడం కష్టమే.

తొమ్మిదేళ్ళ కిందట అతనికి పెళ్ళి కుదిరింది. అమ్మాయి కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. ఫ్రేములో ఇమిడేలా అద్దం అరగదీయడంలో ఆమెది తిరుగులేని చెయ్యి. పెళ్ళి పదిరోజులుందనగా ఆమె తండ్రికి గుండెనొప్పి వచ్చింది. ఫోను వెళ్ళింది సైరన్ బండికే. దారిలో రైల్వే గేటు దగ్గర గూడ్సు అడ్డంగా ఆగిపోయింది. ఐదు నిమిషాలు చూసి, ఇక లాభం లేదని ఆక్సిజన్ సిలిండర్ భుజానికెత్తుకుని, పెట్టెల మధ్య నుంచి దూరి, కిలోమీటరు పైగా పరుగెత్తాడు. గుమ్మంలో అడుగుపెట్టేసరికి అంతా అయిపోయింది.

“ఇప్పుడా వచ్చేది? మా ఆయన్ని పొట్టన పెట్టుకున్నావు. మళ్ళీ ఈ గడప తొక్కకు!” అంది తల్లి. అతను నోరు తెరిచేలోగా తలుపు మొహాన పడింది. తర్వాత కూతురు సర్దిచెప్పబోయినా చెవులు మూసుకుంది.

“అమ్మని ఇలా వదిలేసి రాలేను. నువ్వు ఇంకెవరినైనా చేసుకో,” అంది అమ్మాయి.

“నాకేం తొందర లేదులే,” అన్నాడు. పచ్చి అబద్ధం.

ప్రతి ఆదివారం చర్చిలో అతను “వందనాలమ్మా” అనేవాడు, అమ్మాయి తల్లి మొహం తిప్పుకునేది. అతని అక్క సంబంధాల మీద సంబంధాలు తెచ్చి, “తల నెరుస్తోందిరా, పెళ్ళి ఫొటోలో తాతయ్యలా ఉంటావు!” అని దెప్పేది. నాలుగో ఏడు వచ్చేసరికి కోపం ముంచుకొచ్చింది. “ప్రభువా, ఆవిడ మనసు మార్చవేం?” అని మోకాళ్ళ మీదే దేవుడితో పోట్లాడేవాడు. ఒకరోజు అలా పోట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. నాలుగేళ్ళుగా ఆవిడ గురించి ఫిర్యాదు చేస్తున్నాడే గానీ, ఆవిడ కోసం ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. భర్త పోయిన మనిషి. కంటినిండా నిద్రపోతోందో లేదో! అతనికి సిగ్గేసింది.

ఆ రోజు నుంచి ఆవిడ నిద్ర కోసం, ఆవిడ మోకాళ్ళ నొప్పుల కోసం ప్రార్థించాడు. చర్చి మెట్లెక్కడానికి ఆవిడ పడే అవస్థ చూసి, వడ్రంగి చేత చెక్క రెయిలింగు పెట్టించాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని ఆ వడ్రంగి, పాపం, ఐదేళ్ళు ఉగ్గబట్టుకున్నాడు!

ఓ ఆదివారం ఆవిడ రెయిలింగు పట్టుకుని దిగుతూ, “ఎవరు పెట్టించారో గానీ, దేవుడు వాళ్ళని చల్లగా చూడాలి,” అంది.

“వాళ్ళూ వీళ్ళూ కాదమ్మా, సైరనే!” అనేశాడు వడ్రంగి.

ఆవిడ ఆ మెట్టు మీదే కూలబడింది. “అతన్ని పిలవండి,” అంది.

 సైరన్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“ఆ రోజు ఏం జరిగింది?”

చెప్పాడు. తొమ్మిదేళ్ళు దాచిన సంగతి రెండు నిమిషాల్లో అయిపోయింది.

“అంత బరువు మోసుకుని పరుగెత్తావా?”

“పరుగెత్తానమ్మా. అయినా అందుకోలేకపోయాను.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“మొదట మీరు చెప్పనివ్వలేదు. తర్వాత, మీ అంతట మీరు అడిగితేనే చెప్పాలనుకున్నా. లేకపోతే మీతో వాదించినట్టుంటుంది.”

ఆవిడ అతని రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. “క్షమించు నాయనా! నా కోపంతో ఇద్దరి వయసూ తినేశాను.” కళ్ళు తుడుచుకుని కూతుర్ని కేకేసింది. “ఏమే, ఇలా రా! పెళ్ళెప్పుడు చేసుకుంటారు?”

అమ్మాయి చేతిలోని పాటల పుస్తకం జారిపడింది.

“ఇవాళే!” అని అరిచాడు సైరన్. అవతలి వీధిలో కుక్క మొరిగింది.

పాస్టరుగారు నవ్వేశారు. “మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదవాలయ్యా. తొమ్మిదేళ్ళు ఆగినవాడివి, మూడు వారాలు ఆగలేవా?”

“ఆ తొమ్మిదేళ్ళూ ఎలాగో ఆగానండీ, ఈ మూడు వారాలే నా వల్ల కావట్లేదు!”

నిజంగానే కాలేదు. రెండు కాళ్ళకీ రెండు సైజుల బూట్లు కొనుక్కొచ్చాడు. ఓ శనివారం ఆదివారమనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని తాళం వేసిన చర్చి ముందు నిలబడ్డాడు. అటు అమ్మాయి ఒకే పూటలో రెండద్దాలు పాడుచేస్తే, దుకాణం యజమాని దండం పెట్టి, “పెళ్ళయ్యాకే రా తల్లీ,” అని పంపించేశాడు.

పెళ్ళిరోజు చర్చి కిటకిటలాడింది. పాస్టరుగారు ప్రమాణం మొదలుపెట్టి, “ఈమెను నీ భార్యగా...” అన్నారో లేదో, “సమ్మతమే!” అనే గొంతు పైకప్పుకి తగిలింది.

“నన్ను అడగనివ్వవయ్యా!” అన్నారాయన. చర్చి మొత్తం గొల్లుమంది. పెళ్ళికూతురు ముసుగులోనే పకపకా నవ్వింది. ముందు వరసలో వాళ్ళమ్మ పొట్ట పట్టుకుని, పక్కనున్న పెళ్ళికొడుకు అక్క మీద వాలిపోయి, దగ్గొచ్చేదాకా నవ్వుతూనే ఉంది.