తేదీ మీద బొటనవేలు

కరోనా ఏడాది సద్దుల బతుకమ్మ నాడు సూరత్‌లో అక్కవాళ్ల ఇంటికి స్కూటీ మీద బయలుదేరాం. నా ఒళ్లో బతుకమ్మ, మా ఆయన జేబులో గడువు తీరిన లైసెన్సు.

చౌరస్తాలో పోలీసు ఆపాడు. మా ఆయనది మరమగ్గాల పని. సేఠ్‌కు బట్ట చూపేటప్పుడు తెగిన పోగు మీద బొటనవేలు పెట్టడం అలవాటు. లైసెన్సునూ అలాగే, తేదీ మీద వేలు పెట్టి చూపాడు.

“అంగూఠా హటావో!”

మా ఆయన బొటనవేలు తీశాడు. నేను బతుకమ్మను గట్టిగా పొదివి పట్టుకుంటే రెండు బంతిపూలు రాలాయి.

పోలీసు ఫక్కున నవ్వాడు. కరోనా వల్ల ఢిల్లీలో రవాణా మంత్రిత్వ శాఖ అందరి లైసెన్సుల గడువూ పెంచిందని హిందీలో చెప్పి, బతుకమ్మకు దండం పెట్టాడు.

“గీ ముచ్చట తెల్వక రెండు నెలలు గల్లీలల్లకెళ్లి తిరిగిన గదనే!” అన్నాడు మా ఆయన. దారంతా నవ్వుకున్నాం.

ఇప్పుడు కొత్త లైసెన్సుంది. ఎవరైనా అడిగితే మాత్రం ఆ బొటనవేలు తేదీ మీదికే పోతుంది.