సుంకన్న చెయ్యి

సుంకన్న చెయ్యి పెద్దది. పదహారేళ్ళుగా బెళ్ళందూరు అపార్ట్‌మెంట్లకు ఇనుప కమ్మీలు కట్టీ కట్టీ మొద్దుబారిపోయింది. కర్నూలు వైపు నుంచి వచ్చి ఆ రేకుల షెడ్లలో కాపురముంటున్నవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. తప్పు చేసిన బిడ్డను ఇంటివాడే ముందు కొడితే, బయటివాడు చెయ్యి వెయ్యకూడదు. అలా సుంకన్న ఇద్దరు కొడుకులనూ చాలాసార్లు కాపాడాడు. కాపాడటమని ఆయనే అంటాడు, వాళ్ళనడిగితే వేరే మాట చెబుతారు.

కూతురు రేణుక మీద మాత్రం ఈగ వాలనిచ్చేవాడు కాదు. అక్కడ పియుసి అనే ఇంటరు చదువుతున్న ఆ పిల్లను ఒక పరిశోధన సంస్థవాళ్ళు ఏరుకున్నారు. ల్యాబు గడప ఎన్నడూ తొక్కని కులాల పిల్లల్ని తెచ్చి, రోగాల మీద పరిశోధన నేర్పే పథకమది. రెండేళ్ళ శిక్షణ, హాస్టలు. సీటు ఖాయం కావాలంటే సోమవారానికి తమ వాడలోనే ఒక పరిశీలన చేసి తేవాలి. ఆ పథకం చూసే వనజ మేడమ్ పక్కనుండగా, తల్లులు సరేనన్నాకే, నలభైమంది పిల్లల వేళ్ళ నుంచి చుక్క చుక్క రక్తం తీసి, ఎవరికెంత రక్తహీనతో రేణుక నోట్సులో రాసుకుంది.

మూడోరోజు, ఆ నలభైమందిలో ఒకడైన పక్క షెడ్డు గౌరమ్మ కొడుకు భరత్‌కు డెంగీ వచ్చింది, ఆసుపత్రిలో చేర్చారు. అంతే, షెడ్లన్నీ భగ్గుమన్నాయి. నెత్తురు తియ్యబట్టే జ్వరమొచ్చిందని ఒకరన్నారు, అందరూ నమ్మారు.

"మా బిడ్డల నెత్తురు అమ్ముకుంటాండావా" అని గౌరమ్మ రేణుకను జుట్టు పట్టి బురదలోకి ఈడ్చింది. ఎవరో డొక్కలో తన్నారు. ఒకడు కమ్మీ ముక్క ఎత్తాడు.

సుంకన్న అప్పుడే పని దిగి వస్తున్నాడు. గుంపును తోసుకుని లోపలికి దూరాడు.

"నా కూతురు. నేను కొడతా. ఎవరూ చెయ్యెయ్యాకండి."

మొదటి దెబ్బ గుంపు కోసం కొట్టాడు. వాడెత్తిన కమ్మీ ముక్క కిందికి దిగలేదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ. ఎనిమిదో దెబ్బకు పిల్ల చెవిలోంచి నెత్తురు కారింది. గౌరమ్మే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"సాలప్పా. సచ్చిపోతాది."

కమ్మీ ముక్క కిందపడింది, గుంపు చెదిరింది. సిగ్గుపడాల్సిన సంగతే గాని చెప్పాలి, ఆ క్షణాన సుంకన్న గెలిచాననుకున్నాడు. రేణుక బురదలో పాకుతూ నోట్సు కాగితాలు ఏరుకుంది.

సోమవారం సుంకన్న, అతని భార్య బాలమ్మ, రేణుక ముగ్గురూ సంస్థకు వెళ్ళారు. నలభైమందిలో ముప్పైయొక్కమందికి రక్తం తక్కువని రేణుక చెప్పింది. భరత్ కోలుకుంటున్నాడనీ చెప్పింది. వనజ మేడమ్ ఆమె చెవిలోని దూది వైపే చూస్తోంది.

"ఎవరు కొట్టారు?"

"నేనే మేడమ్" అన్నాడు సుంకన్న. "కొట్టకుంటే సంపేసేటోళ్ళు."

ఆవిడ సీటు ఇస్తున్నామని చెప్పి, కన్నవారిలో ఒకరి వేలిముద్ర కోసం కాగితం ముందుకు జరిపింది. సుంకన్న బొటనవేలికి సిరా అద్దుకున్నాడు. రేణుక కాగితాన్ని పక్కకు లాగేసింది.

"నువ్వొద్దు నాయనా. అమ్మ ఏస్తాది."

"నిన్ను బతికిచ్చుకుంటి కదమ్మా."

"మొదటి దెబ్బ ఏంటికి కొడతాండావో నాకు తెలిసె. ఎనిమిదోది తెలీలా."

బాలమ్మ మొగుడి వైపు చూడకుండా వేలిముద్ర వేసింది.

గేటు దాటాక సుంకన్న వెనకనుంచి కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. ఆ పిల్ల తిరగలేదు. కోపంతో తిరగలేదో, వినబడకే తిరగలేదో అతనికి తెలియలేదు. మళ్ళీ పిలవడానికి భయమేసింది.