ఆయుధపూజ నాటి అప్‌డేట్

నాకు అనుమానం ఎక్కువ. మా ఇంట్లో అందరూ నా మొహం మీదే అంటారు, నేనూ కాదనను. కూరలో ఉప్పు సరిపోయిందని వండినవాళ్ళు చెప్పినా మళ్ళీ నేను నాలిక మీద వేసుకుని చూస్తాను. ఇనప కడ్డీ సైజు బిల్లులో రాసి ఉన్నా, నా వెర్నియర్ పెట్టి కొలిచాకే షెడ్డులోకి రానిస్తాను. ఆటోనగర్‌లో లేతు మిషను పెట్టుకుని బతికేవాడికి అనుమానం జబ్బు కాదు, అన్నం పెట్టేది అదే. వెంట్రుకవాసి తేడా వస్తే షాఫ్టు బేరింగులో దిగదు. దిగకపోతే తిట్లు తినేది నేను గానీ, "మనుషుల్ని నమ్మాలిరా" అని నాకు నీతులు చెప్పేవాళ్ళు కాదు.

షెడ్డు నాదీ, మా బావదీ. బావ అంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. బావ వాళ్ళ నాన్న గోదావరి వైపు నుంచి స్టీలుప్లాంటు ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బావ గాజువాకలో పుట్టి పెరిగినా ఆ సాగదీసే మాట మాత్రం పోలేదు. లేతు నాది, లాప్‌టాప్ ఆయనది, పని అలా పంచుకున్నాం. పోర్టులో బొగ్గు మోసే బెల్టుల దగ్గర అరిగిపోయిన షాఫ్టో, రోలరో ఏ కాంట్రాక్టరో పట్టుకొస్తాడు. దాని డ్రాయింగు ఎవడూ ఇవ్వడు. అరిగిన ముక్కని కొలిచి, అరగకముందు ఎంతుండేదో బుర్రపెట్టి లాగి, బావ లాప్‌టాప్‌లో బొమ్మ గీస్తాడు. అది చూసి నేను ఇనుము తిప్పుతాను. షెడ్డు తెరిచిన నాటి నుంచీ గీసిన బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. పాత గిరాకీ వచ్చి "మొన్న చేసిందే ఇంకోటి చెయ్యి" అంటే, ఆ బొమ్మ లేకపోతే మేం లేనట్టే. మిషను పోతే అప్పుచేసి ఇంకోటి కొనొచ్చు, బొమ్మలు ఎక్కడ కొంటాం.

వాటిని ఇంకోచోట కూడా దాచుదామని బావ చాలాసార్లు అన్నాడు. నేనే వద్దన్నాను. రెండుచోట్ల ఉన్న వస్తువుకి రెండు తలుపులుంటాయి, ఏ తలుపులోంచి ఎవడు దూరతాడో నాకెలా తెలుస్తుంది. ఇప్పుడడిగినా అదే అంటాను.

ఆ దసరాకి ఆయుధపూజ రోజు పొద్దున్నే షెడ్డు కడిగాం. మిషన్లకి నూనె గుడ్డతో ఒళ్ళు తుడిచాం. బంతిపూల దండలు కట్టాం. అప్ప పసుపు, కుంకుమ, అక్షింతలు పళ్ళెంలో పట్టుకుని వచ్చింది. అప్పటికే బావ లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. తెర మీద చిన్న గుండ్రం తిరుగుతోంది.

"ఏటి బావా, ఇయాల పనిముట్టు ముట్టుకోకూడదు గదా. ఏటి సేత్తన్నావ్?" అన్నాను.

"నేనేం ముట్టుకోవట్లేదు బామ్మర్దీ. అప్‌డేట్ పెట్టాను, దానంతటదే అవుద్ది. కొత్త సిస్టం. బీటా అంటారు, అందరికంటే ముందు మనకే వచ్చింది."

"బీటా అంటే?"

"ఇంకా పూర్తిగా తయారవలేదన్నమాట. మనలాంటోళ్ళం వాడి చూసి, తప్పులుంటే చెప్పాలి."

"అంటే ఉడకని అన్నం మనకి వడ్డించి, ఉడికిందో లేదో సెప్పమంటన్నారా?"

బావ నవ్వాడు. ఆయనకి కొత్తదంటే చాలు, మంచిదా చెడ్డదా అక్కర్లేదు. నాకు ఒళ్ళు మండింది గానీ పండగ పూట ఎందుకని నోరు మూసుకున్నాను. అప్ప లేతుకి బొట్టు పెట్టింది, డ్రిల్లుకి పెట్టింది, గాలి కంప్రెసరుకి పెట్టింది. చివరికి లాప్‌టాప్ దగ్గరికొచ్చి మీటల పక్కన మూడు బొట్లు పెట్టి, అన్నిటి మీదా చల్లినట్టే దాని మీదా గుప్పెడు అక్షింతలు చల్లింది. గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టి, షట్టరు దించి ఇళ్ళకి పోయాం. పూజలో పెట్టిన బొట్టు చేత్తో తుడవకూడదని మాకో పట్టింపు. అదే రాలిపోవాలి. తడిపసుపు గట్టిపడి వారం పది రోజులున్నా ఎవరం గోరు పెట్టం.

పండగ వెళ్ళాక షట్టరు లేపేసరికి లాప్‌టాప్ తెర మీద గుండ్రం లేదు. నీలం పేజీ ఒకటి, దాని నిండా ఇంగ్లీషు అక్షరాలు. బావ ఆపాడు, మళ్ళీ వేశాడు. అదే పేజీ. చార్జరు పీకి, బటను నొక్కి పట్టుకుని, వదిలి వేశాడు. మళ్ళీ అదే. బయటికి వెళ్ళే చోట నొక్కితే వెళ్ళినట్టే వెళ్ళి, తిరిగొచ్చి అక్కడే కూర్చుంది. బావ ఫోన్లో వీడియోలు పెట్టుకుని వాళ్ళు చెప్పినవన్నీ చేశాడు. నేను వెనకాల నిలబడి చూశాను.

"కంగారు పడకు. బొమ్మలన్నీ లోపల భద్రంగా ఉన్నాయి," అన్నాడు.

తెర తెరుచుకోందే లోపల ఏముందో ఈయనకెలా తెలుసు? అనుమానం అక్కడ పట్టుకుంది నాకు. అంతకుముందే ఒక మాట నా చెవిన పడి ఉంది. మాకు కడ్డీలు తెచ్చే వ్యాను డ్రైవరు, ఎలమంచిలిలో స్టేషను దగ్గర ఖాళీ షెడ్డు ముందు మా బావని చూశానన్నాడు. తాళం తీయించి లోపలంతా కాళ్ళతో కొలుస్తున్నాడట. ఆ రోజు బావ మాతో చెప్పింది చుట్టాలింట్లో గృహప్రవేశమని. నేను అడగలేదు. అడిగితే సర్దుకుంటారు, అడక్కపోతే ఎక్కడో దొరుకుతారు. నా పద్ధతి అది.

ఇప్పుడన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఎలమంచిలిలో షెడ్డు చూసుకున్నాడు. బొమ్మలు తీసుకున్నాడు. ఇక్కడివి నాకు దక్కకుండా తాళం వేసి, పూజ రోజు చూసి ఆ బీటా నెత్తిన తోశాడు. ఆ బీటా ఎవడిదో, వాడొచ్చి నేను కాదని చెప్పడు గదా. ఇరవయ్యేళ్ళ వయసులో నా చేయి పట్టుకుని లేతు మీద పెట్టించిన మనిషి ఆయన. ఆయన గురించి ఇలా అనుకుంటున్నానని ఏడుపొచ్చింది, అనుకోవడం మాత్రం ఆగలేదు.

మర్నాడూ అదే నీలం పేజీ. బావ టీ తేవడానికి వెళ్ళాడు. ఆయన సంచి కుర్చీకి వేలాడుతోంది. జిప్పు తీశాను. టిఫిను డబ్బా, కళ్ళద్దాల పెట్టె, అడుగున ఒక పెన్‌డ్రైవ్. దాన్ని నా జేబులో వేసుకుని, ఇంకేమైనా ఉందేమోనని చేయి లోపలికి పెట్టి తడుముతుంటే నీడ పడింది. బావ రెండు టీ గ్లాసులతో గుమ్మంలో ఉన్నాడు.

ఒక గ్లాసు నా ముందు పెట్టాడు, రెండోది తాగుతూ మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఆ పెన్‌డ్రైవ్ ఇస్తావా? పాత సిస్టం ఎక్కిద్దామని నిన్న నెట్ సెంటర్లో దాన్లో వేయించుకొచ్చాను."

జేబులోంచి తీసి ఇచ్చాను. నా చెవులు వేడెక్కిపోయాయి. ఆయన అది పెట్టి చాలాసేపు తంటాలు పడ్డాడు. నీలం పేజీ కదల్లేదు. మీరు నమ్మండి, నమ్మకపోండి, అది కదలకపోయేసరికి నా సిగ్గంతా పోయి అనుమానం రెట్టింపయింది. నా ఎదుట ఉత్తుత్తినే తిప్పుతున్నాడేమోనని.

"ఇలాగియ్యి. మధురవాడలో బాగుసేసే షాపుంది, నాను పట్టుకెల్తాను," అన్నాను.

"నేనూ వస్తాను."

"అక్కర్లేదు."

బండి మీద, లాప్‌టాప్ సంచి కడుపుకి కట్టుకుని, ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి పోయాను. షాపతను తెర చూసి, అప్‌డేట్ సగంలో చెడినట్టుందన్నాడు. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలి, లోపలున్నవి పోతే తనకి సంబంధం లేదు, పెట్టి వెళ్ళి సాయంత్రం రమ్మన్నాడు. పసుపు మరకలు చూపించి "ఏంటండీ ఈ చెత్తంతా" అని గుడ్డ తీశాడు.

"అది సెత్త కాదు. సెయ్యి తియ్యి," అన్నాను.

పెట్టి వెళ్ళాలట. తుడిచేస్తాడట. ముందు కాపీ తీసుకుని అమ్ముకోడని ఏముంది? ఆటోనగర్‌లో మా బొమ్మలకి కాచుకుని కూర్చున్నవాళ్ళు లేరా? లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెనక్కొచ్చేశాను. ఎండలో అంత దూరం ఎందుకు పోయినట్టో, ఎందుకు వచ్చినట్టో నాకే అర్థం కాలేదు.

వచ్చేసరికి అప్ప అన్నం క్యారేజీ తెచ్చి కూర్చుని ఉంది. బావ పక్కనే ఉన్నాడు. ఆ ఇద్దర్నీ అలా పక్కపక్కన చూసేసరికి నాలో పట్టు తప్పింది.

"ఎలమంచిలిలో సెడ్డు ఎప్పుడు తెరుత్తన్నావ్ బావా?" అన్నాను. "మా అప్పకైనా సెప్పేవా, దానికీ గృహప్రవేశమనే సెప్పేవా? బొమ్మలు నువ్వు తీసీసుకున్నావు, నాకు నీలం పేజీ మిగిల్చేవు. బీటా లేదు, గీటా లేదు."

అప్ప చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏట్రా ఆ మాటలు? నోరేనా అది?" అంది. బావ మాత్రం నిమ్మకి నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఆయన మాట్లాడకపోవడమే నాకు సాక్ష్యం అనిపించింది.

లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టి తెరిచాను. దారిపొడుగునా దుమ్ము దూరి, ఎండిన కుంకుమ రాలి మీటల మధ్యంతా నిండిపోయింది. మా షెడ్డులో ఏది మొరాయించినా ముందు గాలి కొడతాం. ఇనప రజను పట్టినా అంతే, బేరింగు బిగిసినా అంతే. ఆలోచించి చేసింది కాదు. చేయి అలవాటుగా కంప్రెసరు పైపు అందుకుంది. బొట్టు చేత్తో తుడవకూడదు గానీ గాలికి రాలితే తప్పు లేదు. పైపు దూరంగా పట్టి మెల్లిగా కొట్టాను.

ఎర్రటి పొడి లేచింది. పైవరసలో ఒక మీట టక్కున పైకి లేచింది. దాని సందులోంచి పసుప్పచ్చటి బియ్యపు గింజ ఎగిరొచ్చి నా చొక్కా మీద పడింది.

బావ లేచి వచ్చాడు. ఆ మీట రెండుసార్లు నొక్కి చూశాడు. "ఇది నొక్కి ఉంచి మిషను వేస్తే ఆ నీలం పేజీయే వస్తుంది," అన్నాడు. పడ్డ అక్షింత దాన్ని నొక్కి పట్టి ఉంచింది. తడి పసుపు ఆరి అక్కడే బిగిసిపోయింది. బొట్టు పక్కన ఎవరం వేలు పెట్టలేదు గదా. వేసిన ప్రతిసారీ మనమే నొక్కుతున్నామనుకుంది అది. బీటాకి ఏ పాపం తెలీదు.

బటను నొక్కాడు. గుండ్రం తిరిగి, కొత్త రంగులతో తెర వచ్చింది. బొమ్మలన్నీ ఉన్నాయి. షాఫ్టులు, బుష్షులు, రోలర్లు, మొట్టమొదట చేసిన కప్లింగు కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. గట్టిగా నవ్వేశాను.

"సూడు బావా, అప్ప అక్షింతలు. ఎంత పని సేసిందో సూడు," అన్నాను. అప్ప కూడా నవ్వబోయి బావ మొహం చూసి ఆపుకుంది.

"ఎలమంచిలిలో షెడ్డు చూసిన మాట నిజమే," అన్నాడు బావ. "ఇక్కడ ఇరుకైపోయింది. ఇంకో లేతు వేసుకోవడానికి జాగా లేదు. మీ ఇద్దరికీ ముందే చెప్తే కుదరకముందే ఆశపడతారని, బేరం అయ్యాక చెబుదామనుకున్నాను. నీతో కలిసి పెడదామనే చూశాను. ఇప్పుడు ఒక్కణ్ణే పెట్టుకుంటాలే."

"కోపంలో అన్నాను బావా," అన్నాను.

"నీకు కోపం ఇవాళొచ్చింది. అనుమానం ఇవాళ్టిది కాదుగా," అన్నాడు.

ఊరికే అన్నాడనుకున్నాను. అప్ప చెప్పి చూసింది, నేను వాళ్ళింటికెళ్ళి కూర్చుని బతిమాలాను. భోజనం పెట్టాడు, పక్క వేయించాడు, మాట మాత్రం మార్చలేదు. దీపావళి వెళ్ళాక తన సామాన్లు తీసుకోవడానికి వచ్చాడు. లాప్‌టాప్ నాకే వదిలేశాడు. బొమ్మ ఎలా తెరవాలో, కొలత ఎక్కడ మార్చాలో కూర్చోబెట్టి నేర్పాడు, ఇరవయ్యేళ్ళప్పుడు లేతు నేర్పినట్టే. కాపీ తీసుకో బావా, సగం నీవే గదా అన్నాను. వద్దన్నాడు.

వెళ్ళబోతూ తన సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. జిప్పు తనే మొత్తం లాగి, ఒక అడుగు పక్కకి జరిగి నిలబడ్డాడు.

"చూసుకో బామ్మర్దీ," అన్నాడు.

అప్ప గుమ్మంలో నిలబడి చూస్తోంది. అక్కర్లేదు బావా అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. నా చేయి అప్పటికే సంచిలో ఉంది. టిఫిను డబ్బా పక్కకి జరిపి, కళ్ళద్దాల పెట్టె తెరిచి, అడుగుదాకా తడిమి చూశాను.