గరికకు పెట్టిన గడువు

తంబళ్లపల్లె వేరుశనగ చేలల్లో ముప్పై ఏళ్లు గరిక పీకిన చేతులు ఎల్లమ్మవి. మదనపల్లెలో హరినాథ్ ఇంట తోటపనికి చేరిన మొదటిరోజు అవి ఊరుకోలేదు. మధ్యాహ్నానికి మంచమంత మేర లాన్‌ను వేళ్లతో సహా పెరికి గోడవారన కుప్పపెట్టాయి.

"అది కలుపు గాదమ్మా, లాన్!" అని హరినాథ్ తల పట్టుకున్నాడు.

"పేరేం పెట్టినా గరికే గదా సారూ?"

ఇది రెండేళ్ల కిందటి మాట. ఈ వేసవిలో ఆ లాన్ పసుపెక్కింది. హరినాథ్ దాన్ని మిషన్‌తో నున్నగా గొరిగిస్తాడు. రోజూ మిట్టమధ్యాహ్నం బోరు నీళ్లు చిలకరించమంటాడు. గోడకు అవతలే ఎల్లమ్మ ఉండే సందు. అక్కడి కొళాయిలో పది రోజులుగా చుక్క లేదు. గడ్డి తడిశాకే మనుషుల గొంతు తడవాలన్న ఈ ఏర్పాటు ఎండలు చేసింది కాదు.

ఎల్లమ్మ తెగించి అడిగింది. "సారూ, వారానికి రెండుసార్లు, తెల్లారేటప్పుడు, వేరుదాకా తడుపుతా. కొనలు మాత్రమే కోస్తా. ఎనిమిది దినాల్లో పచ్చబడితే తక్కిన దినాలు పైపు మా సందుకియ్యాల. పచ్చబడకపోతే పని మానుకుంటా."

"సరే, అట్నే కానీ," అని నవ్వాడాయన.

మిషన్ బ్లేడు పైకి లేపి కోసింది. కోసిన గడ్డి మట్టికి నీడగా అక్కడే వదిలింది. కొడవలి మొన బెత్తెడు లోతు దిగేదాకా నీళ్లు పెట్టింది. ఆ తర్వాత రెండురోజులు పైపు ముట్టలేదు. కాలు మాత్రం ఒకచోట నిలవలేదు. గంటకోసారి పోచలు విడదీసి చూసేది. నాలుగోనాడు మళ్లీ తడిపింది. అయిదోనాటికీ పసుపే.

సందులో టైలరు మైమూన్ బీ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏం ఎల్లమ్మా, గడ్డి ఈనుతాదని కాసుకోనుండావా?"

"నవ్వొద్దక్కా. నా పనీ పోతాది, మన నీళ్లూ పోతాయి."

ఎనిమిదోనాడు మొదళ్లు పచ్చబడ్డాయి. హరినాథ్ చెప్పులు విడిచి నడిచి చూశాడు.

"భలే! ఇన్ని నీళ్లు మిగిలితే ఇంటెనక గూడా లాన్ ఏద్దాం."

ఎల్లమ్మ పైపు కొనను గోడ అవతలికి విసిరి ట్యాప్ తిప్పింది.

"మాటిచ్చినారు సారూ."

అవతల బిందెలు గణగణలాడాయి. "ఆపొద్దు ఎల్లమ్మా!" మైమూన్ బీ కేక.

హరినాథ్ ట్యాప్ వైపు ఒక అడుగు వేశాడు. ఎల్లమ్మ దానికి అడ్డంగా చతికిలబడింది. చేతులు ఊరుకోక పక్కనున్న గరికను గుప్పిట పట్టాయి. ఇంకా పెరకలేదు.