బొటనవేలి మార్చి దారం

గ్రీసు దేశంలో అర్తా పట్నం పైన కొండల్లో ఎవరికి తల పోటెత్తినా మాత్ర కంటే ముందు పొలిక్సేని గుర్తొస్తుంది. ఆవిడకి డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది. మేకలు కాసింది, జున్ను చేసింది, మొగుడు కొస్మాస్‌తో యాభై ఏళ్ళుగా పోట్లాడుతోంది. ఊరు వీటిలో ఒక్కదాన్నీ లెక్కపెట్టదు. ఊరికి ఆవిడ దిష్టి తీసే పొలిక్సేని, అంతే.

గిన్నెలో నీళ్ళు పోసి, మూడు చుక్కలు ఆలివ్ నూనె వదిలి, పెదాలు కదిలీ కదలకుండా మంత్రం చదువుతుంది. నూనె పైన తేలితే ఏమీ లేదు. విరిగి నీళ్ళలో కలిసిపోతే దిష్టి తగిలినట్టే. చదువుతుండగా ఆవలింతలొస్తే మామూలు దిష్టి, కళ్ళ వెంట నీళ్ళు కారితే గట్టిది. ఆ పనికి డబ్బు తీసుకోదు. మేలు చేశావు తల్లీ అని ఎవరైనా అనబోతే నోరు నొక్కేస్తుంది. ఆ మాట అంటే తీసిన దిష్టి మళ్ళీ వెనక్కొస్తుందట.

సెల్‌ఫోను వచ్చాక ఆవిడ చెయ్యి ఇంకా పొడుగైంది. ఏథెన్స్ నుంచి, జర్మనీ నుంచి కూడా ఫోన్లు. "పేరు చెప్పు చాలు, మొహం నాకెందుకు?" అనేది. నిజమే, దిష్టి తియ్యడానికి పేరు చాలు. కానీ ఫోన్లో కాళ్ళు కనపడవు. ఈ సంగతి ఆ ఏడు మార్చిదాకా ఆవిడకి తట్టలేదు.

ఫిబ్రవరి ఆఖరి సాయంత్రం ఎప్పటిలాగే ఎర్రదారం, తెల్లదారం కలిపి పేని, రాత్రంతా అది నక్షత్రాల కంట పడాలని గులాబీ కొమ్మకి వేలాడదీసింది. తెల్లారితే మార్చి. ఆ దారం చేతికి లేకుండా గడప దాటిన పిల్లని మార్చి ఎండ కాల్చి నల్లగా చేస్తుంది. వానకోయిల పిట్టలు వచ్చేదాకానో, ఈస్టర్‌దాకానో దాన్ని విప్పకూడదు.

పొద్దున్నే పట్నం నుంచి చెల్లెలి కూతురు స్తమతియా, దాని మొగుడు థిమియోస్ కారులో వచ్చారు. చెల్లెలు పోయి ఆరేళ్ళయింది. స్తమతియాకి తల్లయినా పెద్దమ్మయినా పొలిక్సేనే. వాళ్ళ చేతిలో నాలుగు నెలల మగబిడ్డ. బాప్తిస్మం కాలేదు కాబట్టి పేరు లేదు. పేరు లేని మగబిడ్డని అక్కడ అందరూ రాక్షసుడనే పిలుస్తారు.

"ఏడీ నా రాక్షసుడు? తూ తూ తూ! ఎంత అనాకారిగా ఉన్నావురా! కోతి నయం!" అని పొలిక్సేని బిడ్డని ఒళ్ళోకి లాక్కుంది. బిడ్డ బోసినోటితో నవ్వాడు. మంచి మాట పొరపాటున కూడా అనకూడదు, అంటే వెంటనే ఉమ్మాలి, లేకపోతే దిష్టి తగులుతుంది.

చేతికి దారం కట్టింది. తరవాత బిడ్డ కుడికాలు పట్టుకుంది.

"చేతికి కట్టావు కదా పెద్దమ్మా, కాలికెందుకు?" అంది స్తమతియా.

"బొటనవేలికి కట్టకపోతే నడక వచ్చాక దారిలో ఉన్న ప్రతి రాయినీ తన్నుకుంటాడు. మీ అమ్మ నీకు కట్టలేదు. అందుకేగా పెళ్ళినాడు చర్చి మెట్ల మీద బోర్లా పడ్డావు!"

"పడబట్టే దొరికింది అత్తయ్యా, లేకపోతే అటునుంచి అటే పారిపోయేది," అన్నాడు థిమియోస్.

"నోర్ముయ్!" అంది స్తమతియా. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే పొలిక్సేని బొటనవేలికి మూడు చుట్లు చుట్టి మూడు ముళ్ళు వేసింది. ఊడిపోకూడదని కాస్త లాగి మరీ వేసింది. పైన తానే అల్లిన ఊలు లాగు తొడిగింది, పాదాలు కూడా కప్పేసే రకం. మార్చి ఎండ కాలుస్తుందంటారు గానీ ఆ కొండల్లో మార్చి చలి ఎముకలు కొరుకుతుంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను. స్తమతియా చేసింది.

"నిన్న సాయంత్రం నుంచి ఒకటే ఏడుపు పెద్దమ్మా. పాలు తాగడంలేదు. జ్వరం లేదు, కడుపుబ్బరం లేదు."

"ఎవరైనా చూశారా?"

"కింది వాటా ఆవిడ. ఎంత బొద్దుగా ఉన్నాడో అంది."

"ఉమ్మిందా?"

"లేదు."

"ఆవిడ కళ్ళేం రంగు?"

"నీలం."

"నీలికళ్ళ దిష్టే అన్నిటికంటే చెడ్డది, ఇంకేం కావాలి?" అని పొలిక్సేని గిన్నె తీసింది. నూనె చుక్క నీళ్ళని తాకీ తాకగానే చెదిరిపోయింది. రెండో వాక్యంలోనే ఆవలింత మొదలైంది. దవడలు పట్టేసేటంత ఆవలింత. కళ్ళ వెంట ధారగా నీళ్ళు. ఇన్నేళ్ళలో ఇంత గట్టి దిష్టి ఆవిడ చూడలేదు.

"మామూలుది కాదే ఇది. మూడుసార్లు తియ్యాలి. మూడూ అయ్యేదాకా స్నానం చేయించకు, బట్ట మార్చకు, తీసిన గుణం నీళ్ళలో కొట్టుకుపోతుంది."

కాసేపటికి బిడ్డ నిద్రపోయాడని కబురొచ్చింది. పొలిక్సేని మొగుడి వైపు గర్వంగా చూసింది. "చూశావా? నలభై కిలోమీటర్ల అవతల ఉన్నాడు!"

"ఏడ్చి ఏడ్చి అలిసిపోయి పడుకున్నాడేమో," అన్నాడు కొస్మాస్ జున్ను పిండుతూ.

"నీ మొహం. నీకు తెలిసింది మేకల భాషొక్కటే."

మూడో తేదీ పొద్దున్నే మళ్ళీ ఫోను. ఈసారి స్తమతియా మాట కంటే ముందు బిడ్డ గొంతు వినిపించింది. అది ఏడుపు కాదు, బొంగురుపోయిన కేక. రెండోసారి తీసింది. మళ్ళీ అవే ఆవలింతలు, అవే కన్నీళ్ళు. ఇవతల ఆవిడ మొహం తడిసిపోతోంది, అవతల కేక ఆగడంలేదు. మూడోది ఎదురుగా ఉండి తియ్యాల్సిందేనని, చిన్న సీసాలో చర్చి దీపం నూనె పోసుకుని బస్సెక్కింది.

ఎదురుగా ఉన్నప్పుడు పద్ధతి వేరు. మంత్రం అయ్యాక నూనెతో నుదుట సిలువ గీయాలి, తరవాత అరచేతుల్లో, తరవాత అరికాళ్ళలో. పొలిక్సేని నుదుట గీసింది. చేతుల్లో గీసింది. "లాగు విప్పవే, అరికాళ్ళు కావాలి," అంది. స్తమతియా రెండు రోజులుగా డైపరు మార్చడానికి ఆ లాగుని మోకాళ్ళదాకా దించడమే గానీ పూర్తిగా తియ్యలేదు. మొదటిరోజు చలి, తరవాత పెద్దమ్మ బట్ట మార్చొద్దంది కదా.

ఎడమకాలు బయటికొచ్చింది. సిలువ గీసింది. కుడికాలు బయటికొచ్చింది.

పొలిక్సేని చేతిలోంచి నూనె సీసా జారి పడింది.

బొటనవేలు వేలులా లేదు. లేత వంకాయలాగా ఉంది, అదే రంగు. వేలి మొదలు దగ్గర చర్మం ఉబ్బి ఉంగరంలా చుట్టుకుంది. దారం కనిపించలేదు, కండలో మునిగిపోయింది. ఒక పక్కన ఎర్రటి కొస మాత్రం చీమ తలంత బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆ ముడి ఎవరిదో ఆవిడకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. దారం చెమటకి తడిసి బిగిసింది, వేలు ఉబ్బింది, ఉబ్బినకొద్దీ దారం కోసుకుంటూ లోపలికి పోయింది. రెండు రోజులు పసివాడు చెప్పింది ఇదే. వాడు చెప్పినంతసేపూ తాను ఆవలిస్తూ కూచుంది.

స్తమతియా చూసింది. బిడ్డని కదలకుండా పట్టుకుంది. థిమియోస్ కత్తెర తెచ్చాడు. కత్తెర మొన పెట్టడానికి సందు లేదు. పెట్టబోతే బిడ్డ పెట్టిన కేకకి థిమియోస్ చెయ్యే వెనక్కి పోయింది.

"కారు తియ్యి," అంది పొలిక్సేని.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్ఫై కూడా ఉండవు. కళ్ళకి భూతద్దం తగిలించుకుని, సన్నటి బ్లేడుతో, ఊపిరి బిగబట్టి, ఒక్కో పోగూ తెంపింది. మూడు చుట్లు. మూడోది తెగగానే వేలి మీదికి రంగు మెల్లగా పాకింది. నలుపు మీద ఊదా, ఊదా మీద ఎరుపు. బిడ్డ ఒక్కసారి వెక్కి, అలాగే నిద్రలోకి ఒరిగాడు.

"ఇంకో పూట ఆగుంటే వేలు తీసెయ్యాల్సొచ్చేది," అంది డాక్టరమ్మ. "ఇదెవరు కట్టారు?"

"నేను," అంది పొలిక్సేని.

డాక్టరమ్మ ఆవిడ మొహం చూసి, వేలికి కట్టు కట్టడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండునని పొలిక్సేనికి అనిపించింది. స్తమతియా జుట్టు పట్టుకుని ఈడ్చినా బాగుండును. కారెక్కుతూ ఆ దెబ్బ కోసమే మెడ వంచుకుని కూచుంది. దెబ్బ పడలేదు. అంతకంటే పెద్దది పడింది.

"ఆ నీలికళ్ళది ఎంత చూపు చూసిందో అత్తయ్యా!" అన్నాడు థిమియోస్ స్టీరింగు తిప్పుతూ. "దారమే బిగుసుకుపోయిందంటే చూడు!"

"పెద్దమ్మ దారం దాన్నంతా వేలి మీదికి లాక్కుంది," అంది స్తమతియా. రెండు రోజుల నిద్రలేమితో ఎర్రబడ్డ కళ్ళలో భక్తి. "లేకపోతే గుండెకి తగిలేది కదా పెద్దమ్మా?"

పొలిక్సేని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. వేళాకోళం కాదు. నిజంగానే అంటున్నారు.

"నేను కట్టానే. గట్టిగా లాగి కట్టాను. స్నానం వద్దంది నేను. బట్ట మార్చొద్దంది నేను!"

"నువ్వు మరీనూ," అని స్తమతియా ఆవిడ చెయ్యి తీసుకుని ముద్దుపెట్టుకుంది.

నాలుగు రోజుల్లో కథ కొండ మీది ఊరంతా పాకింది. పిండి మరలోనూ రొట్టెల కొట్టులోనూ ఇదే మాట. పొలిక్సేని దారం చావుని బొటనవేలి దగ్గర ఆపేసిందట, డాక్టర్లే బిత్తరపోయారట. ఆవిడ ఎదురు చెప్పినకొద్దీ జనం తలలూపారు. ఎంత అణకువో చూశారా అన్నారు.

"నా మాట నువ్వైనా నమ్ముతావా?" అని మొగుణ్ణి అడిగింది.

"నేను నమ్మితే ఏం లాభం?" అన్నాడు కొస్మాస్. "ఊరు నన్ను నమ్మదుగా."

ఆదివారం ప్రార్థన అయ్యాక జనం చర్చి వాకిట్లో ఇంకా విడిపోలేదు. పక్కింటి అరెతి గుంపుని తోసుకుంటూ వచ్చింది. అరెతి పొలిక్సేని ఈడుదే. జున్ను దగ్గర్నుంచి మొగుళ్ళదాకా ప్రతిదానికీ పోటీ. ఆవిడ రెండు చేతుల్లో మూడు నెలల మునిమనవరాలు. పిల్ల కుడికాలికి మేజోడు లేదు.

"ఒసే పొలిక్సేనీ, ఇదిగో బొటనవేలు. నీ చేత్తో కట్టు. ఆ పిల్లాడికి కట్టినంత గట్టిగానూ కట్టాలి, ఆఁ!"

నవ్వులు. వెనకనుంచి ఇంకో ఇద్దరు తల్లులు పిల్లల మేజోళ్ళు లాగేస్తున్నారు. పొలిక్సేని ఆ చిన్న చిన్న వేళ్ళు చూసింది. వంకాయ రంగు కళ్ళ ముందు మెదిలింది.

"కట్టను. మీరూ కట్టకండి. పిల్ల ఏడిస్తే ముందు బట్టలన్నీ విప్పి చూడండి. తరవాత డాక్టరు దగ్గరికి పోండి."

"అబ్బో, బెట్టు!" అంది అరెతి. "చెల్లెలి మనవడికైతే కడతావు, మాకు కట్టవా? మంత్రం ఉన్నంతకాలం నువ్విలాగే నీలుగుతావు."

మంత్రం ఉన్నంతకాలం. పొలిక్సేని ఆ మాట దగ్గర ఆగిపోయింది.

ఆ మంత్రం ఆవిడకి ఇరవై ఆరో ఏట మామగారు ఇచ్చాడు, గొర్రెల దొడ్డి వెనక, చెవిలో. మగవాడు ఆడదానికి, ఆడది మగవాడికి, అలాగే అది నడవాలి. ఆడది ఆడదానికి చెబితే అక్కడితో సరి. చెప్పినదానికీ పనిచెయ్యదు, విన్నదానికీ పనిచెయ్యదు. ఈ సంగతి ఆ వాకిట్లో ఉన్న ఒక్కొక్కరికీ తెలుసు. థిమియోస్‌కి ఇవ్వాలని ఆవిడ దాన్ని దాచి ఉంచింది.

పొలిక్సేని రెండడుగులు ముందుకేసి అరెతి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అందరికీ వినపడేలా, మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టింది.

అరెతికి అర్థం కావడానికి ఒక వాక్యం పట్టింది.

"ఏయ్! ఏయ్, ఏం చేస్తున్నావే? నాకు చెబుతావేమే? ఆపు!" చెవులు మూసుకుందామంటే రెండు చేతుల్లోనూ పిల్ల. తల అటూ ఇటూ తిప్పింది, గట్టిగా కేకలు పెట్టింది. ఆ కేకల మీదుగా పొలిక్సేని గొంతు పెంచింది. ఎవరో ముసలాయన సిలువ గీసుకున్నాడు. ఆడవాళ్ళు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు, పెట్టుకునేలోపే విన్నారు. నలభై అయిదేళ్ళు పెదాలు దాటని మాటలు చర్చి గోడకి తగిలి తిరిగొచ్చాయి. అన్నీ కలిపితే పదకొండు వాక్యాలు. అంత చిన్నదా అన్నట్టు కొందరు మొహాలు చూసుకున్నారు.

ఆఖరి మాట అయిపోయింది. ఆవలింత రాలేదు. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"చంపేశావే," అంది అరెతి. మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీ మామ, ఆయన తల్లి, ఆవిడ బాబాయి... అంతమందినీ ఒక్క పూటలో చంపేశావు. ఇప్పుడు మేం ఎవరి దగ్గరికి పోవాలే?"

పొలిక్సేని ఆవిడ మోచెయ్యి వదిలింది.

"పిల్లకి మేజోడు తొడుగు," అంది. "కాలు చల్లబడుతోంది."