దసరా మరునాటి మాత్రలు

1975లో నేను నాందేడ్‌లోని ఒక ఆసుపత్రిలో ఇ.సి.జి. టెక్నీషియన్‌ని. దసరా వెళ్లిన మూడవ రోజు తెలుగు సరిహద్దునున్న ధర్మాబాద్ నుంచి ఒక ధాన్యం వ్యాపారి తన భార్య సుశీలను తీసుకొచ్చాడు. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. వెంట అత్త కూడా వచ్చింది.

గుండెలో కవాటాలు నాలుగు. అవి తమంతట తాము కదలవు. రక్తం తోస్తే తెరుచుకుంటాయి, వెనక్కి తన్నితే మూసుకుంటాయి. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం వల్ల సుశీలకు ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్యనున్న కవాటం అంటుకుపోయి సన్నబడింది. ఇక గుండెను కొట్టించేది కరెంటు. అది కుడి పై గదిలో పుట్టి, నడుమ ఒక ముడి దగ్గర క్షణకాలం ఆగి కిందికి దిగుతుంది. ఆ కాస్త వ్యవధిలో పై గదుల రక్తం కిందికి చేరుతుంది. సుశీల వాడే డిజాక్సిన్ మాత్ర ఆ ముడి దగ్గర కరెంటును నెమ్మదింపజేస్తుంది. మోతాదు మించితే దారే మూసుకుపోతుంది; వాంతులవుతాయి, చూసేవన్నీ పసుపుగా కనిపిస్తాయి.

చేతులకు పట్టీలు కడుతుంటే ఆమె అంది: "అన్నా, గోడలన్ని పసుపు పసుపుగ కొడుతున్నయి. పొద్దుగాల సంది ఏం తిన్నా కక్కుడే."

"పండుగకు పసుపు శానా పూసుకున్నవేమో అక్కా," అన్నాను. భర్త నవ్వాడు. తొమ్మిది రోజుల ఉపాసానికి పిత్తం లేచిందని అత్త తేల్చింది.

కాగితం మీద పై గదుల చిన్న అలలు తమ వరుసన తాము నడుస్తున్నాయి. కింది గదుల పెద్ద గీతలు వాటితో పొత్తు లేకుండా నిమిషానికి ముప్పై ఆరు. కరెంటు కిందికి దిగడం లేదు. నాకు తెలిసింది. కానీ టెక్నీషియన్ తీస్తాడు, డాక్టరు చదువుతాడు. అదీ మా పద్ధతి. కాగితం కత్తిరించి, కార్డుకు అంటించి, డాక్టరు తీరికగా చూసే కార్డుల ట్రేలో పెట్టాను. డైరీలో సమయం ఉంది: మూడు గంటల పది నిమిషాలు.

ఐదుంబావుకు పెద్ద డాక్టరుగారు కార్డు చూసిన వెంటనే, వాళ్లు కూర్చున్న వరండాలోకి పరుగెత్తారు. మాత్రలెన్ని వేశారని మరాఠీలో అడిగితే అత్త భయపడి తెలుగులో చెప్పింది: "ఉపాసం దినాలల్ల మింగలే సాహెబ్. తప్పిన నోము మల్ల పట్టినట్టు, మొన్నటి సంది దినాం ఒక్కటికి నాలుగు ఏస్తున్న. ఆఖరుది గిప్పుడే, చాయ్‌తోని ఇచ్చిన."

అట్రోపిన్ సూది ఇచ్చారు. నాడి కొంచెం లేచి, మళ్లీ పడిపోయింది. బయటి నుంచి గుండెకు కరెంటు అందించే యంత్రం మా దగ్గర లేదు. బొంబాయి దాకా ప్రయాణానికి ఆమె తట్టుకునేలా లేదు. మరునాడు పదకొండు గంటలకు పోయింది.

ఆ చివరి మాత్రే ప్రాణం తీసిందని డాక్టరుగారు అనలేదు. కాదని కూడా అనలేదు.

తరువాత పదవీ విరమణ వరకు, పట్టీలు కట్టకముందే ఏ మాత్ర, ఏ రోజు, నడుమ ఉపవాసాలేమైనా ఉన్నాయా అని అడిగాను. ఇటువంటి కాగితం మళ్లీ ఎప్పుడూ ట్రేలో పెట్టలేదు. దాన్ని చదివి చెప్పే హోదా నాకు లేదు. డాక్టరుగారి గది దాకా మోసుకెళ్లడానికి మాత్రం ఏ హోదా అక్కరలేదు. ఆ గది నా బల్లకు ఇరవై అడుగుల దూరం.