తడి చక్రం మీద సుద్దగీత

రోజుకి పదిసార్లయినా బంగార్రాజు అడిగే మాట అదొక్కటే.

"ఓలే, సూరి ఏడే?"

"డ్యూటీకెల్లినాడు మావా."

"నాతో ఒక్క మాటయినా సెప్పకుండానేటి? రానీ, ఆడి సంగతి సెప్తాను."

నవ్వుకుంటూ చుట్ట ముట్టించేవాడు. అతని భార్య అప్పలనర్సమ్మ మొహం తిప్పుకుని అటుకులు దంచేది. సూరి అంటే సూర్యం, ఆమె తోడబుట్టిన తమ్ముడు. అతను పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

మొదట్లో ఆమె నిజమే చెప్పింది. చెప్పిన ప్రతిసారీ బంగార్రాజు ఆ కబురు అప్పుడే చెవిన పడ్డట్టు కూలబడి గుండెలు బాదుకునేవాడు. పావుగంటలో మరిచిపోయేవాడు. మళ్లీ అడిగేవాడు. ఒకే చావు ఒకే ఇంటికి పూటపూటా వచ్చిపోతుంటే ఏ మనిషి తట్టుకోగలదు? నెల్లాళ్లు చెప్పి, ఆ తర్వాత మానేసింది. ఆ చావులో తన సుత్తికీ పాలుందని అతనికి తెలియకుండా ఉంటే చాలు, మిగిలిందంతా నేనే మోసుకుంటాను అనుకుంది. ఆమె దేవుణ్ణి అడిగింది ఆ ఒక్కటే.

బంగార్రాజు బొబ్బిలి వైపు మనిషి. బిలాస్‌పూర్ రైల్వే యార్డులో పద్దెనిమిదేళ్లు చక్రాలు కొట్టి చూశాడు. ఆగిన బండి పొడుగునా నడుస్తూ, పొడుగుకర్ర సుత్తితో ప్రతి చక్రాన్నీ ఒక్క దెబ్బ వేసి వినడం ఆ పని. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూడరూ, అదే విద్య. మంచి చక్రం గంటలా మోగుతుంది. బీటవారినది బొంగురుగా పలుకుతుంది. ఆ చెవి ఎవరో నేర్పితే వచ్చేది కాదు, వేల చక్రాలు కొట్టగా వచ్చేది.

పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగు వేసవిలో, వెనక్కి నెట్టిన వ్యాగను ఒకటి అతని తలకు తగిలింది. ఇరవై రోజులు ఒళ్లు తెలియలేదు. లేచాక ఊరు గుర్తుంది, పెళ్లి గుర్తుంది, చిన్నప్పుడు తిన్న తాటిముంజెల రుచి కూడా గుర్తుంది. కొత్తది మాత్రం నిలవదు. ఓటికుండలో నీళ్లే.

మెదడంటే ఒకే గది అనుకుంటాం. కాదట. చెవులకు సూటిగా, తల లోపల, ఇటొకటీ అటొకటీ చిటికెనవేలంత భాగాలున్నాయి. ఇవాళ జరిగినదాన్ని రేపటికి దాచే పని వాటిది. చేతివిద్య దాచుకునే చోటు వేరు. ఈత నేర్చినవాడు ఎప్పుడు నేర్చాడో మరిచినా నీళ్లలో మునగడు. వెనకటికి ఐరోపాలో ఒక వైద్యుడు, మతి నిలవని ఒకామెతో చేతులు కలుపుతూ వేళ్ల మధ్య సూది దాచి పొడిచాడట. కాసేపటికి ఆమెకు ఆ సంగతే గుర్తులేదు. ఆయన మళ్లీ చెయ్యి చాస్తే మాత్రం తన చెయ్యి వెనక్కి లాక్కుందట. ఎందుకంటే చెప్పలేకపోయింది. అటుకులు దంచుకునే అప్పలనర్సమ్మకు ఈ ముచ్చట ఎవరు చెబుతారు?

కానీ చేతికి వేరే బుద్ధి ఉంటుందని ఆమె తనంతట తానే కనిపెట్టింది. పనీ క్వార్టరూ పోతాయన్న భయం అలాంటిది. ఇంట్లో మంచి కుండలు నాలుగు, బీటవారినవి రెండు వరసగా బోర్లించింది. "కొట్టు మావా. బొంగురుగా పలికితే అడుగు తియ్యకముందే సుద్దతో గీత గియ్యి."

"ఇదేటే, కొత్త ఆటా?" అనేవాడు ప్రతి పొద్దునా. నిన్న ఆడిన ఆట అతనికి తెలియదు. చెయ్యికి తెలుసు. రెండు నెలలకు, బొంగురు పలికితే చాలు, కొట్టిన సుత్తి దించేలోపే సుద్ద లేచేది.

అప్పుడు మేస్త్రి రమణమూర్తి దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన బండి పొడుగునా కొట్టించి అడిగాడు.

"ఎన్ని చక్రాలు కొట్టావోయ్?"

"నానా? ఎప్పుడు బాబూ?"

యార్డంతా గొల్లున నవ్వింది. సూర్యం ముందుకొచ్చాడు. అతను గూడ్సు బండి చివర బ్రేకు పట్టేవాడు. "బావ నోరు అడక్కండి బాబూ, సక్రం సూడండి. ఆ బండెక్కీది నానే. నాకు లేని బయ్యం మీకేటి?"

మేస్త్రి చూశాడు. బీటవారిన ఒకే ఒక్క చక్రం మీద గీత తెల్లగా ఉంది.

"అచ్ఛా," అన్నాడు. "కానీ ఎవరిది పూచీ?"

"నాదే బాబూ," అంది అప్పలనర్సమ్మ.

తతిమ్మావాళ్లు చక్రం చెడితే గీత గీసి, వెళ్లి నోటితోనూ చెప్పేవాళ్లు. బంగార్రాజుకు నోటితో చెప్పడం లేదు, గీత ఒక్కటే. శ్రావణంలో ఒక మధ్యాహ్నం వాన వాయించేస్తుంటే అతను చివరి వ్యాగను చక్రం కొట్టాడు, విన్నాడు, గీశాడు. తడి ఇనుము మీద సుద్ద పట్టలేదు. పట్టిన కాస్తా వాన కడిగేసింది. వెనక వచ్చిన మేస్త్రికి నల్లటి చక్రం కనిపించింది. సంతకం పెట్టాడు. రెండు స్టేషన్లు దాటాక ఆ చక్రం విరిగింది. సూర్యాన్ని చాపలో చుట్టి తెచ్చి ఆ వానలోనే బంగార్రాజు ఎదుట దించారు; గీత ఏదని మేస్త్రి అతని మీద అరిచాడు.

కుండలు వరస పెట్టినప్పుడు వాన మాట ఆమెకు తట్టలేదు. పాఠం ఇంట్లో కదా జరిగింది.

క్వార్టరు పోయింది. గోల్ బజార్ వెనక పాకలో ఉంటున్నారు. మళ్లీ శ్రావణం వచ్చింది. అటుకులు అమ్మడానికి ఇద్దరూ బజారుకు వెళ్లిన పొద్దున్న ఒక్కసారిగా వాన దిగింది. అందరూ చూరుల కిందికి పరుగెత్తారు. బంగార్రాజు పరుగెత్తలేదు. బియ్యం బండి ఒకటి ఆగి ఉంటే, వెళ్లి దాని చక్రం మీద అరచెయ్యి ఆనించి, చెయ్యి కింద గీతేదో ఉన్నట్టు, అది తడవకుండా ఒంగి ఒళ్లంతా అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"ఏ బబా, హట్ నా!" తప్పుకోమని బండివాడు అరిచాడు. అతను కదల్లేదు.

అప్పలనర్సమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టి లాగింది. "ఏటిది మావా? తియ్యి సెయ్యి."

"తియ్యకూడదే."

"ఎందుకు?"

"ఏటో తెలీదు. తీస్తే ఎవుడో పోతాడు." మొహమంతా నీళ్లు కారుతున్నాయి. "ఓలే, సూరి ఏడే?"

డ్యూటీకెళ్లాడన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బండివాడు ఎద్దుల్ని అదిలిస్తున్నాడు. ఆమె అటుకుల బుట్ట నేలమీద పెట్టి, అతని చెయ్యి పక్కనే తన చెయ్యి కూడా చక్రానికి ఆనించింది.